పో, ఆగు, తిరుగు: హుస్సేన్ సాగర్‌లో ఇద్దరి పడవతో ఎనిమిది ఆదివారాలు

మూడో ఆదివారం మొదటి రేసులో మేమిద్దరం ఒకే ఊలు పోగును చూస్తున్నాం. ముందు తెరచాపకు, అంటే జిబ్‌కు, రెండు పక్కలా అతికించిన పోగులవి. రెండూ సమంగా వెనక్కి పారుతుంటే తెరచాపకు గాలి సరిగా పట్టినట్టు. ఆ రోజు అవి ఎంత చక్కగా పారుతున్నాయంటే, చుక్కాని పట్టుకున్న నేనూ వాటినే చూస్తున్నాను, జిబ్ తాడు పట్టుకున్న మా మేనకోడలూ వాటినే చూస్తోంది. "స్టార్‌బోర్డ్!" అన్న కేక విని తలెత్తేసరికి ఎదుటి పడవ ముక్కు రెండు బారల దూరంలో ఉంది.

మాకు గాలి ఎడమ నుంచి వస్తోంది, వాళ్లకు కుడి నుంచి, అంటే స్టార్‌బోర్డ్ నుంచి. నియమం ప్రకారం దారి ఇవ్వాల్సింది మేమే. చుక్కానిని ఉన్నపళంగా నెట్టేశాను. పడవ తిరిగింది గాని మేం పక్క మారలేదు. ఇద్దరి బరువూ వాలిన వైపే ఉండిపోయి పడవ బోల్తా పడింది. హుస్సేన్ సాగర్ నీళ్ల రుచి ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. పదకొండు పడవల్లో పదకొండో స్థానంలో ముగించాం.

వర్షాకాలం సిరీస్ అయిపోయేసరికి మొత్తం మీద అయిదో స్థానంలో ఉన్నాం. పడవ అదే, తెరచాపలు అవే, మా బరువులూ అవే. మధ్యలో మారినవి ఏమిటో, మార్చినా ఫలితం ఇవ్వనివి ఏమిటో నోట్‌బుక్ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఇద్దరే ఎక్కే చిన్న పడవతో క్లబ్బు రేసుల్లో దిగాలనుకునే వాళ్లకు ఉపయోగపడవచ్చు.

చెరువు, పడవ, మనుషులు

హుస్సేన్ సాగర్ ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టిన చెరువు. నైరుతి రుతుపవనాలు వచ్చాక జూన్ నుంచి ఇక్కడ పడమటి గాలి నిలకడగా వీస్తుంది. జాతీయ స్థాయి పోటీలు కూడా ఈ చెరువులో జూలైలో జరగడానికి కారణం అదే. అయితే నిలకడగా వీచేది గాలే, దాని దిక్కు కాదు. నెక్లెస్ రోడ్డు చెట్లను, వెనకున్న భవనాల సందులను దాటి వచ్చేసరికి అది ప్రతి మూడు నాలుగు నిమిషాలకూ పది పదిహేను డిగ్రీలు అటో ఇటో తిరుగుతుంది. సముద్రంలో నేర్చుకుని వచ్చిన వాళ్లు మొదటి రోజున ఇక్కడ తల పట్టుకోవడం చాలాసార్లు చూశాను.

దక్షిణం వైపు బుద్ధ విగ్రహం ఉంది. రాతి మీదికి చేరవేస్తుండగా 1990లో మునిగిపోయి, రెండేళ్ల తర్వాత పైకి తీసి నిలబెట్టిన ఏకశిల అది. దాదాపు 18 మీటర్ల ఎత్తు. సందర్శకులకు అది విగ్రహం, మాకు గాలికి అడ్డు. దాని వెనక చాలా దూరం వరకూ గాలి చచ్చి, సుడులు తిరుగుతూ ఉంటుంది.

పడవ ఎంటర్‌ప్రైజ్ తరగతిది. బ్రిటన్‌లో జాక్ హోల్ట్ గీసిన నమూనా, 1956లో బయటికి వచ్చింది. పొడవు నాలుగు మీటర్ల పైన నాలుగు సెంటీమీటర్లు. రెండే తెరచాపలు: పెద్దది మెయిన్, ముందున్నది జిబ్. గాలివాటున వెళ్లేటప్పుడు ఎగరేసే బుడగ తెరచాప గాని, తాడుకు వేలాడి పడవ బయట నిలబడే ఏర్పాటు గాని దీనికి లేవు. బరువును అటూ ఇటూ జరుపుకోవడమే మనుషుల పని. మాది పాత ఫైబర్ పడవ, తెరచాపలు చేతులు మారి వచ్చినవి. జిబ్ అంచు సాగిపోయి ఉంది. కొత్తది కొనే స్తోమత ఆ ఏడాది లేదు.

నాకు యాభై రెండేళ్లు, 71 కిలోలు, పదకొండేళ్ల అనుభవం. మా అక్క కూతురికి పందొమ్మిదేళ్లు, 52 కిలోలు, పడవ ఎక్కి అప్పటికి ఆరు నెలలు. మొత్తం 123 కిలోలు. మెల్లటి గాలిలో ఈ బరువు వరం. గాలి పెరిగితే ఇద్దరం అంచు మీద కూర్చుని వెనక్కి ఒరిగినా పడవ నిటారుగా నిలవదు.

ఎక్కడ పోతున్నాయి స్థానాలు?

బోల్తా పడిన రోజు సాయంత్రం తడి బట్టలు మార్చుకుని, చెరువు గట్టున టీ తాగుతూ మొదటి మూడు ఆదివారాల రేసులన్నిటినీ గుర్తు చేసుకున్నాం. ఒక్కో రేసులో ఎక్కడ ఎన్ని పడవలు మమ్మల్ని దాటిపోయాయో రాశాం. మొత్తం ఇరవై మూడు. అందులో పద్నాలుగు, మొదలైన అయిదు నిమిషాల్లోనే. మరో ఆరు, మార్కుల దగ్గర, అంటే పడవలు చుట్టి రావాల్సిన తేలే బోయాల దగ్గర. గాలివాటున పోయినవి మూడే. అంతకు ముందు నెలంతా నేను సాధన చేయించింది మాత్రం గాలివాటు మీదే, ఎందుకంటే అది నాకు ఇష్టం.

రెండో విషయం ఆమె చెప్పింది. "మామయ్యా, మీరు చూసేదే నేనూ చూస్తున్నాను. ఇంకెవరు చూస్తున్నారు బయట?"

ఆ ప్రశ్నతోనే పని పంచుకున్నాం. పడవ లోపలి సంగతులు నావి: పోగులు, పడవ వాలు, అల. బయటివన్నీ ఆమెవి: మిగతా పడవలు, నీటి మీద నల్లబడుతూ వచ్చే గాలి తెరలు, దిక్సూచి అంకె, తేలుతూ వచ్చే గుర్రపు డెక్క. నేను బయటికి చూడకూడదు. రాసినంత సులువు కాదిది. పదకొండేళ్లుగా నేనే అన్నీ చూసుకుంటున్నాననే భ్రమలో ఉన్నవాణ్ని, మెడ దానంతట అదే తిరిగేది.

చూసింది చెప్పడం ఇంకో సమస్య. మా ఇంట్లో మేనమామను "మీరు" అంటారు. నాలుగో ఆదివారం ఉదయం సాధనలో ఆమె ఇలా చెప్పింది: "మామయ్యా, ఎడమ వైపు నుంచి ఒక పడవ వస్తున్నట్టుంది, మనం ముందు దాటగలమో లేదో చూస్తారా?" ఆ వాక్యం పూర్తయ్యేలోపు పడవ పది పన్నెండు మీటర్లు వెళ్లిపోతుంది. మర్యాదను ఒడ్డున వదిలేసి రావాలని చెప్పాను. మూడు మాటలు పెట్టుకున్నాం: దాటుతాం, దాటం, తిరుగు.

ఆ రోజు రెండో రేసులోనే ఈ పద్ధతి దెబ్బ కొట్టింది. తెరచాప టపటపలాడుతుంటే ఆమె "దాటం" అంది, నాకు "దాట..." వరకే వినిపించింది. దాటుతామనుకుని ముందుకు పోయాను. గుద్దుకోలేదు గాని అవతలి పడవ మా కోసం దారి మార్చుకోవాల్సి వచ్చింది. తప్పు మాదే గనుక రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకున్నాం. ఒడ్డుకు వచ్చాక గాని వెలగలేదు. తెలుగులో కాదనే మాట క్రియ చివర ఉంటుంది, గాలి మొదట మింగేది ఆ చివరినే. అవుననడానికీ కాదనడానికీ మొదలు ఒకటే అయిన మాటలను పడవ మీద వాడకూడదు. మర్నాటి నుంచి "పో", "ఆగు", "తిరుగు". ఏ రెండింటికీ మొదటి అక్షరం కలవదు.

అయిదో ఆదివారం మా అక్క చూడటానికి వచ్చింది. ఒడ్డుకు దగ్గరగా వెళ్తుండగా కూతురు నన్ను "పో! పో!" అనడం ఆమె చెవిన పడింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు.

దాటగలమా లేదా అన్నది ఊహ మీద చెప్పే మాట కాదు. ఎదుటి పడవ ముక్కు వెనక కనిపించే గట్టును చూడాలి. ముక్కు ముందు కొత్త చెట్లు బయటపడుతూ ఉంటే వాళ్లు వెనకబడుతున్నట్టు, మనం ముందు దాటుతాం. ముక్కు చెట్లను ఒక్కొక్కటిగా మింగుతూ ఉంటే వాళ్లే ముందు. ముక్కు ఒకే చెట్టుకు అంటుకుపోయి పెద్దదవుతూ ఉంటే ఢీకొంటాం. ఇది ఆమెకు ఒక్క పూటలో వచ్చేసింది. రోడ్డు దాటేటప్పుడు లారీని చూసి మనమంతా చేసే లెక్కే ఇది.

ఆరో ఆదివారం, రెండో రేసు

ఈ ఒక్క రేసును పూర్తిగా రాస్తాను. మేం నేర్చుకున్నవీ, నాకు రానివీ ఇందులోనే బయటపడ్డాయి.

గాలి గంటకు 15 నుంచి 18 కిలోమీటర్లు, పడమటికి కాస్త నైరుతిగా. దిక్సూచి మీద 250. ఎదురుగాలికి నేరుగా పోలేం కాబట్టి 45 డిగ్రీలు పక్కకు తగ్గి వంకరటింకరగా ఎక్కాలి. అంటే గాలి కుడి నుంచి తగిలే స్టార్‌బోర్డ్ టాక్‌లో పడవ ముక్కు 205 వైపు, ఎడమ నుంచి తగిలే పోర్ట్ టాక్‌లో 295 వైపు ఉండాలి. ఆ రెండు అంకెలనూ ఆమె తెల్లటి టేపు మీద మార్కర్‌తో రాసి దిక్సూచి పక్కనే అతికించింది. పందెం దారి మామూలుదే: నెక్లెస్ రోడ్డు వైపు మార్కు దాకా పైకి, ట్యాంక్ బండ్ వైపు మార్కుకు గాలివాటున కిందికి, మళ్లీ పైకి, అక్కడే ముగింపు.

అయిదు నిమిషాల జెండా ఎగరక ముందే బయల్దేరే గీతను కొలిచాం. గీతకు ఉత్తరపు కొసన పోటీ నడిపే కమిటీ పడవ, దక్షిణపు కొసన నారింజ రంగు బోయా. గీత మధ్యలో పడవ ముక్కును సూటిగా గాలికి పెడితే అది కొంచెం బోయా వైపు మొగ్గింది. పది డిగ్రీల తేడా ఉంటుందనుకున్నాను. గీత పొడవు దాదాపు వంద మీటర్లు. వంద మీటర్ల గీతకు పది డిగ్రీల వాలు ఉంటే, మంచి కొసన బయల్దేరినవాడు చెడ్డ కొసన ఉన్నవాడి కంటే గాలి వైపు 17 మీటర్లు ముందుంటాడు. నాలుగు పడవల పొడవు, అదీ రేసు మొదలు కాకముందే. ఈ లెక్క అందరికీ తెలుసు, అందరూ బోయా దగ్గరికే ఎగబడతారని కూడా తెలుసు. అందుకే అక్కడి నుంచి నాలుగైదు పడవల దూరం ఇవతల చోటు ఎంచుకున్నాం.

తర్వాతి పని గీత ఎక్కడుందో తెలుసుకోవడం. నీటి మీద గీత కనిపించదు. కమిటీ పడవ పక్కన నిలబడి బోయా మీదుగా చూస్తే, ట్యాంక్ బండ్ దక్షిణపు చివర ఒక సెల్ టవర్ సరిగ్గా దాని వెనక పడింది. మనం గీత మధ్యలో ఉన్నా బోయా, టవర్ ఒకే వరసలోకి వస్తే గీత మీద ఉన్నట్టే. ఈ గుర్తు పెట్టుకోనివాళ్లు ముందే దాటేస్తామన్న భయంతో మధ్యలో ఒక పడవంత వెనకే ఆగిపోతారు. ఆ ఖాళీయే మాకు దక్కింది. ఆమె గడియారం చూసి "ఇరవై... పదిహేను..." అంటోంది, మధ్యమధ్య "టవర్ ఇంకా పక్కన" అంటోంది. చివరి ఎనిమిది సెకన్లలో తెరచాపలు బిగించి పడవను ముందుకు ఉరికించాం. పదకొండేళ్లలో నాకు గుర్తున్న మంచి ఆరంభాల్లో అదొకటి. బోయా దగ్గర మూడు పడవలు ఒకదానికొకటి అడ్డుపడి అరుచుకుంటున్నాయి.

మొదటి మూడు నిమిషాలు 205 నిలకడగా ఉంది. తర్వాత ఆమె అంకెలు చదవడం మొదలుపెట్టింది: "రెండొందల రెండు. నూట తొంభై ఎనిమిది. నూట తొంభై అయిదు, అలాగే ఉంది. తిరుగు." గాలి ఎడమకు మళ్లి మా ముక్కును కిందికి నెట్టేస్తోందన్న మాట. అలాంటప్పుడు అవతలి టాక్ ఎక్కితే అదే గాలి మనల్ని మార్కు వైపు ఎత్తుతుంది. తిరిగాం. ముందున్న నాలుగు పడవలు అదే టాక్‌లో ఇంకా దక్షిణంగా పోయి, రెండు నిమిషాల్లో బుద్ధుడి వెనక గాలి చచ్చిన చోట ఇరుక్కున్నాయి. విగ్రహం దగ్గరికి తిరిగే పర్యాటకుల పడవలు లేపిన అలలు కూడా అక్కడే ఉంటాయి. గాలి లేనప్పుడు అల వస్తే తెరచాపలో ఉన్న కాస్త ఊపూ రాలిపోతుంది. పై మార్కును మూడో స్థానంలో చుట్టాం.

గాలివాటున దిగేటప్పుడు జిబ్‌ను ఒక కర్రతో మెయిన్‌కు ఎదురు పక్కకు తెరిచి పెడతాం. పడవ రెక్కలు చాపినట్టుంటుంది. సెంటర్‌బోర్డ్‌ను, అంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలకను, ఆ సమయంలో దాదాపు పూర్తిగా పైకి లాగుతాం. కలుపు తీసేదీ అప్పుడే. ఆ రోజు చుక్కాని పిడిలో సన్నటి వణుకు వచ్చింది. పడవకు వేగం ఉన్నప్పుడు వచ్చే మామూలు వణుకు కాదు, తడి గుడ్డను నీళ్లలో ఈడ్చినట్టు బరువుగా ఉంది. ఆమె వెనక్కి వంగి చెయ్యి పెట్టి చూస్తే గుర్రపు డెక్క వేళ్లు, చిక్కుపడ్డ నల్లటి జుట్టులా, దానిలో ఒక పాల ప్యాకెట్టు. లాగేయగానే పడవ ముందుకు జరగడం వీపుకు తెలిసింది. ఎన్ని నిమిషాలుగా దాన్ని మోస్తున్నామో తెలియదు. ఆ తర్వాత ప్రతి గాలివాటులోనూ, అనుమానం ఉన్నా లేకపోయినా, ఒకసారి చెయ్యి పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాం.

తప్పు కింది మార్కు దగ్గర జరిగింది, నాదే. మార్కుకు మూడు పడవల దూరం లోపలికి వచ్చేసరికి కర్ర తీసేసి, బోర్డు దించి సిద్ధంగా ఉండాలి. పక్క పడవ కన్నా ముందు పోదామన్న ఆశతో "కర్ర తీయి" అనడం ఆలస్యం చేశాను. ఆమె ఇంకా కర్రతో కుస్తీ పడుతుండగానే తిప్పాల్సి వచ్చింది. బూమ్, అంటే మెయిన్ అడుగున ఉండే అడ్డకర్ర, కొస బోయాను మెత్తగా తాకింది.

మార్కును తాకితే శిక్షగా చుట్టు తిరగాలి. మిగతా పడవలకు దూరంగా జరిగి తిరిగాను. ఒక చుట్టు పూర్తయింది, రెండోది మొదలుపెట్టాను. "ఒక్కటి చాలు!" అంటోంది ఆమె. నేను వినిపించుకోలేదు. రెండు చుట్లు ఇంకో పడవకు అడ్డుపడ్డప్పుడు, మార్కును తాకితే ఒక్కటే. నియమాల పుస్తకం నాలుగేళ్లకోసారి మారుతుంది. ఒలింపిక్స్ తర్వాత కొత్తది వచ్చినప్పుడల్లా నేను కొంటాను, ఆమె చదివింది. ఆ రెండో చుట్టు వల్ల మూడో స్థానం నుంచి ఏడుకు పడిపోయాం.

చివరి ఎక్కుడులో పడమటి ఆకాశం కమ్ముకొచ్చింది. అందరూ మార్కు వైపు చూస్తుంటే ఆమె కుడివైపు, సంజీవయ్య పార్కు దిక్కున, నీరు నల్లబడటం చూసింది. "కుడి నుంచి పెద్ద గాలి. వెళ్లి కలుద్దాం." పోర్ట్ టాక్‌లో అటే పోయాం. గాలి అందుకునేసరికి దిక్కు కుడికి మళ్లి 265 అయింది. తిరిగి స్టార్‌బోర్డ్ ఎక్కితే ముక్కు 205కు బదులు 220 చూపిస్తోంది. ఎడమన ఉండిపోయిన మూడు పడవలను ఆ ఒక్క మలుపుతో దాటేశాం. ఆ తర్వాతి రెండు నిమిషాలు మాత్రం నరకం. మా బరువుకు మించిన గాలి అది. సెంటర్‌బోర్డ్‌ను మూడో వంతు పైకి లాగి, మెయిన్ తాడు వదులుతూ పట్టుకుంటూ, పడవలో పావు వంతు నీళ్లతో ముగింపు గీత దాటాం. నాలుగో స్థానం.

పనిచేయనివి

ఏడో ఆదివారం గాలి ఇంకా పెరిగింది. రెండు రేసుల్లోనూ బోల్తా. మాటలు, దిక్సూచి, టవర్ గుర్తు, ఏవీ 123 కిలోలను 140 చేయలేవు. అలాంటి రోజున మొదటి రేసు తర్వాత ఒడ్డుకు వచ్చేసి ఉండాల్సింది. నేనే మొండికేశాను. రెండోసారి బోల్తా పడ్డప్పుడు పడవను నిలబెట్టే ఓపిక మాకు మిగల్లేదు, భద్రతా పడవ వాళ్లు వచ్చి లేపారు. లైఫ్ జాకెట్ గురించి చెప్పేది ఏమీ లేదు, వేసుకోకుండా ఎవరినీ దిగనివ్వరు. మునిగిన ప్రతిసారీ ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేయడం, ఒంటి మీద గీతలు ఉంటే ముందే ప్లాస్టర్ వేసుకోవడం ఈ చెరువులో తప్పనిసరి.

సాగిపోయిన జిబ్‌ను కొంత సరిచేద్దామని ముందు తాడు బిగించి చూశాం. మెల్లటి గాలిలో లాభం కనిపించలేదు. చుక్కాని కొక్కేలలో ఉన్న వదులును ఒక పలుచని నైలాన్ వాషర్ వేసి తీసేస్తే మాత్రం వెంటనే తేడా తెలిసింది. వంద రూపాయలు కూడా కాలేదు. రెండేళ్లుగా ఆ వదులుతోనే నడిపాను.

ఎనిమిదో ఆదివారం రెండు రేసుల్లో ఆరు, అయిదు స్థానాలు. చెత్త ఫలితాలు రెండు కొట్టేశాక సిరీస్‌లో అయిదో స్థానం.

తర్వాతి సీజన్‌కు చోట్లు మార్చుకుంటున్నాం. ముందు కూర్చునేవాళ్లు బరువుగా ఉంటే, గాలి తగ్గినప్పుడు లోపలికి, పెరిగినప్పుడు అంచుకు త్వరగా జరిగి పడవను నిలపవచ్చు. చుక్కాని పట్టుకునేవాళ్లకు చేతులు ఖాళీ ఉండవు. అందుకని ఆమె చుక్కాని దగ్గర, నేను ముందు. పోయిన వారం మొదటిసారి అలా వెళ్లాం. గాలి మెల్లగా ఉంది. జిబ్ తాడు నా చేతిలో, పోగులు నా కళ్ల ముందే చక్కగా పారుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. వెనక నుంచి "పో" రాలేదు, "ఆగు" రాలేదు, చాలా మర్యాదగా ఒక మాట వినిపించింది.

"మామయ్యా, బయటికి చూడండి."

తలెత్తాను. ఎడమన ఒక పడవ ముక్కు, ట్యాంక్ బండ్ మీది ఒకే దీపస్తంభానికి అంటుకుపోయి, పెద్దదవుతోంది.

"ఆగు," అన్నాను.